బకెట్లు లేని బడి

మంచు కరగడం మొదలైందంటే చాలు, కలినోవ బారా అనే ఊరి బడిలో మింకత్త అటక మీంచి బకెట్లు దించేది. ఆవిడ ఆ బడికి ఆయా, కాపలామనిషి, పొయ్యిలు రాజేసే మనిషి. ఎవరూ అడక్కపోయినా సలహాదారు కూడా. పై అంతస్తు వరండాలో ఏ చుక్క ఎక్కడ రాలుతుందో ఆవిడకి కంఠతా వచ్చు. కిటికీ దగ్గర ఎర్ర బకెట్టు. స్వాతంత్ర్య వీరుల పటాల కింద రెండు తెల్లవి. హెడ్మాస్టరు గారి గది గుమ్మం ముందు మాత్రం గులాబీలు వేసిన పింగాణీ బేసిను. అంతటివారి గుమ్మంలో ప్లాస్టిక్ బకెట్టు పెడితే ఏం బావుంటుంది చెప్పండి.

పైకప్పు బాగుచేయించమని బడివాళ్ళు ఏళ్ళ తరబడి జిల్లా కార్యాలయానికి అర్జీలు పంపుతున్నారు. కార్యాలయం వాళ్ళూ పాపం ఊరికే కూర్చోలేదు. "మీ అర్జీ పరిశీలనలో ఉంది" అని ప్రతిసారీ శ్రద్ధగా జవాబు రాస్తూనే ఉన్నారు.

ఆ బడిలో తెమెనుగ భూగోళం, జీవశాస్త్రం చెప్పేది. నలభై దాటిన మనిషి. కొత్తదేదైనా నేర్చుకోమంటే మిగతా టీచర్లకి హఠాత్తుగా నడుంనొప్పి వచ్చేది, ఈవిడకి మాత్రం హుషారు వచ్చేది. అందుకని రాజధానిలో "ఫోటోలతో పాఠాలు" అనే శిక్షణకి ఆవిడనే పంపారు. అక్కడ ఒక పూటంతా పాస్‌వర్డులు కనుక్కోవడంతో సరిపోయింది, మిగిలిన పూట కాఫీతో. అయినా తెమెనుగ ఏదో నేర్చుకునే తిరిగొచ్చింది. పోర్చుగల్‌లో ఒక తరగతి, ఫిన్లాండులో ఒక తరగతి, ఇక్కడ తన ఆరో తరగతి, మూడూ కలిసి ఇంటర్నెట్‌లో ఒకే ఆల్బమ్ పెట్టుకున్నారు. విషయం "మా ఊరి నీళ్ళు". ఎవరి ఫోటోలు వాళ్ళు ఎక్కించాలి. ఎవరి ఫోటోనైనా ఎవరైనా తీసుకుని కత్తిరించుకోవచ్చు, బాణం గుర్తులు పెట్టుకోవచ్చు, పేర్లు రాసుకుని పాఠంలో వాడుకోవచ్చు. షరతు ఒక్కటే. ఫోటోలో ఏదైనా మారిస్తే, మార్చామని కింద రాయాలి.

మార్చి నెల. వసంతం వస్తోందని పిల్లల చేతులకి ఎరుపు తెలుపు దారాలు కట్టి ఉన్నాయి. వాళ్ళు ఏటి ఫోటో తెచ్చారు, ఊరి మధ్య రాతి కుళాయి ఫోటో తెచ్చారు, ఒకడు వాళ్ళ తాత ద్రాక్షసారా కాచే బట్టీ ఫోటో తెస్తే తెమెనుగ దాన్ని మర్యాదగా పక్కన పెట్టింది. అప్పుడు సెవ్గిన్ అనే పిల్ల చెయ్యెత్తింది.

"టీచర్, మన బడిలో పడే నీళ్ళు కూడా ఊరి నీళ్ళే కదా?"

తరగతంతా గొల్లుమంది. తెమెనుగ కూడా నవ్వి, "అవునే, పద" అని వరండాలోకి తీసుకెళ్ళింది. సెవ్గిన్ ఎర్ర బకెట్టు పక్కన నిలబడింది. కాళ్ళకి వాళ్ళన్నయ్య రబ్బరు బూట్లు, చేతిలో కొలత గీతలున్న గ్లాసు, మొహంలో ఆ వరండా మొత్తానికి తనే యజమానురాలైనంత గర్వం. ఫోటో కింద పిల్లలు "మా బడి లోపలి నీళ్ళు" అని రాశారు.

ఏటి ఫోటోని ఎవరూ పట్టించుకోలేదు. ఏరు అందరికీ ఉంటుంది. ఈ బకెట్లు చూసి మాత్రం పోర్చుగల్ పిల్లలు వెర్రెత్తిపోయారు. బాణాలు గీశారు, బకెట్లకి పేర్లు పెట్టారు, ఏ బకెట్టు ముందు నిండుతుందని పందేలు కాశారు. వాళ్ళ టీచరు గ్రాసియెత ఆ ఒక్క ఫోటోతో వారం రోజులు లెక్కలూ సైన్సూ చెప్పేసింది. రోజూ ఏదో ఒక ప్రశ్న వచ్చేది, జవాబు సెవ్గినే చెప్పాలి. వాళ్ళ నాన్న జెవ్‌దెత్ ఊళ్ళ మధ్య బస్సు నడిపేవాడు. ఆ ఫోటో ఫోనులో పెట్టుకుని, ఎక్కిన ప్రతివాళ్ళకీ టికెట్టుతో పాటు చూపించేవాడు.

"మా పిల్ల. పోర్చుగల్‌లో దీని మీద పాఠం చెబుతున్నారు."

"బకెట్టు మీదా?"

"బకెట్టు మీద కూడా."

ఆ బస్సులోనే ఒకరోజు హెడ్మాస్టరు స్పిరిదోన్ గాచెవ్ ఎక్కారు. ఆయనకీ టికెట్టు అందింది, ఫోటో అందింది.

మర్నాడు పొద్దున్నే తెమెనుగకి పిలుపొచ్చింది. గాచెవ్ గారు పింగాణీ బేసినుని దాటుకుంటూ గదిలోకీ బయటికీ పచార్లు చేస్తున్నారు.

"తెమెనుగ గారూ, మీకు నేనేం అపకారం చేశాను?"

"ఏమైంది సార్?"

"యూరప్ మొత్తం మన బకెట్లు చూస్తోందండీ! పోర్చుగల్ చూసింది, ఫిన్లాండ్ చూసింది. రేపు జిల్లా కార్యాలయం చూస్తే ఏమనుకుంటారు?"

"కప్పు కారుతోందనుకుంటారు సార్. మనం అర్జీల్లో రాస్తున్నదీ అదేగా."

"అర్జీలో రాయడం వేరు! అర్జీ ఎవరూ చదవరు. ఫోటో అందరూ చూస్తారు!" ఆయన గొంతు తగ్గించారు. "చూడు తల్లీ, ఇంటికి చుట్టాలొస్తే మాసిన బట్టలు మంచం కిందికి తోసేయమూ? అదే ఇది. నీకు శిక్షణ ఇప్పించింది దేనికి?"

శిక్షణ ఇప్పించింది దేనికో తెమెనుగకి ఆ సాయంత్రం కంప్యూటరు గదిలో తెలిసొచ్చింది. ఫోటోలు దిద్దే ఉచిత సైటులో ఒక రబ్బరు గుర్తు ఉంది. అక్కర్లేనిదాని మీద దాంతో రుద్దితే అది మాయమై, వెనక ఉండాల్సిన గోడ దానంతటదే వచ్చేస్తుంది. ఆవిడ కిటికీ దగ్గర తడి ఆరని మచ్చ మీద ఒక రుద్దు రుద్దింది. మచ్చ పోయింది. తెల్ల బకెట్టు మీద రుద్దింది. పోయింది. నిజం చెప్పాలంటే ఆవిడకి ముచ్చటేసింది. ఏళ్ళ తరబడి అర్జీలకి కదలని కప్పు ఒక్క వేలి కదలికతో బాగైపోతుంటే ఎవరికి ముచ్చటెయ్యదు?

గాచెవ్ గారు కుర్చీ వెనక నిలబడి, "అదిగో, ఆ పగులు... ఇటు, ఇటు... భలే!" అంటున్నారు, మంగలి షాపులో తన వంతు కోసం చూసేవాడిలాగా.

ఎర్ర బకెట్టు దగ్గరే చిక్కొచ్చింది. దాని అంచు సెవ్గిన్ బూట్లకి ఆనుకుని ఉంది. బకెట్టు మీద రుద్దితే బూట్లూ పోతున్నాయి. బూట్లు పోతే పిల్ల మోకాళ్ళ మీంచి గాల్లో వేలాడుతోంది.

"పిల్లని కూడా తీసేయండి" అన్నారాయన.

"సార్, అది సెవ్గిన్ సార్."

"అందుకేగా చెప్పేది. బకెట్టు లేకుండా గ్లాసు పట్టుకుని పైకి చూస్తుంటే ఏదో తాగడానికి నిలబడ్డట్టుంది. అక్కడ ఒక పూలకుండీ పెట్టండి."

తెమెనుగ వేలు ఒక క్షణం ఆగింది. ఇంటికెళ్ళాలి, చిక్కుడుగింజలు నానబెట్టి వచ్చింది, రేపటి ప్రశ్నపత్రం ఇంకా రాయలేదు. ఇలాంటి పెద్ద పెద్ద కారణాలన్నీ కలిసి ఆవిడ వేలిని ముందుకి నెట్టాయి. సెవ్గిన్ బూట్ల నించి జడ దాకా తుడుచుకుపోయింది. ఆ చోట రబ్బరు మొక్క కుండీ వచ్చి కూర్చుంది. ఫోటో కింద "మా బడి వరండా" అని పడింది. మార్చామని రాయబోతే గాచెవ్ గారు, "అది రాస్తే ఇంత కష్టపడ్డదెందుకు?" అన్నారు. పాత ఫోటో ఉన్న చోటే కొత్తది పెట్టమనీ, పాతది ఎక్కడా మిగలకూడదనీ దగ్గరుండి చూసుకున్నారు.

మర్నాడు తరగతిలో ఆల్బమ్ తెరిచారు. సెవ్గిన్ తెర దగ్గరికొచ్చి చాలాసేపు చూసింది.

"టీచర్, నేనేదీ?"

ఎవరూ నవ్వలేదు. తెమెనుగ సుద్దముక్క వెతుక్కుంది. "కొంచెం... సాంకేతిక సమస్య వచ్చిందమ్మా."

పిల్ల వెళ్ళి కూర్చుంది. ఆ తర్వాత పోర్చుగల్ పిల్లలు "ఎర్ర బకెట్టు ఎక్కడ? అమ్మాయి ఎక్కడ?" అని రాస్తే జవాబు చెప్పడానికి ఎవరూ చెయ్యెత్తలేదు.

సాయంత్రం జెవ్‌దెత్ బస్సు ఆపి, టోపీ చేత్తో పట్టుకుని బడి గేటు దగ్గర నిలబడ్డాడు.

"టీచరమ్మా, మా పిల్ల ఏదైనా తప్పు చేసిందా?"

"అయ్యో, లేదు జెవ్‌దెత్. సాంకేతిక సమస్య."

"ఓహో." అతను కాసేపు టోపీ తిప్పాడు. "మా బస్సుకీ వస్తుంటాయండీ అలాంటివి. కాకపోతే ప్రయాణికులు మాయమవరు."

కోప్పడి ఉంటే తెమెనుగ కూడా ఏదో ఒకటి అనేది. అతను "వస్తానండీ" అని వెళ్ళిపోయాడు. ఆ రాత్రి చిక్కుడుగింజల పులుసు ఆవిడ పక్కకి జరిపేసింది. ఉప్పు ఎక్కువైందేమోనని భర్త మర్యాదగా తనదంతా తినేశాడు.

గాచెవ్ గారికి మాత్రం ఆకలి పెరిగింది. వరండా అయ్యాక వ్యాయామశాల అన్నారు. అక్కడ ఊడిపోయిన నేల చెక్కలు రాత్రికి రాత్రి మెరిశాయి. తర్వాత మరుగుదొడ్లు. వాటికి తలుపులు వచ్చాయి. పెరట్లో విరిగిన ఊయల బాగైంది, బడి మీద ఆకాశం నీలంగా మారింది, గోడ పక్కన ఎవరూ నాటని గులాబీలు పూశాయి. తెమెనుగ మొదట రెండు చేసి, తర్వాత కళ్ళనొప్పులని తప్పుకుంది. ఆయన తనే కుర్చీ జరుపుకుని నేర్చేసుకున్నారు. మింకత్త ఒకసారి తెర చూసి, "ఈ బడి ఎక్కడుంది సార్? అక్కడ ఆయా పని ఖాళీ ఉందేమో కనుక్కోండి" అంది.

మే నెలలో, బడులన్నీ తమ లిపి పేరున చేసుకునే అక్షరాల పండగ నాటికి ఆల్బమ్ జిల్లా కార్యాలయం కళ్ళబడింది. కలినోవ బారా జిల్లాకే ఆదర్శమని తమ పేజీలో వేసుకున్నారు. గాచెవ్ గారిని వేదిక మీదికి పిలిచి పూలగుత్తి ఇచ్చారు. ఆయన మాట్లాడుతూ, "అంతా సమష్టి కృషి" అన్నారు. అందులో రబ్బరు గుర్తు పాత్ర ఎంతో చెప్పలేదు.

జూన్‌లో ఉత్తరం వచ్చింది. ఈసారి "పరిశీలనలో ఉంది" అని లేదు. పరిశీలన పూర్తయిందట.

"మీ పాఠశాల ఛాయాచిత్రాలను మా సిబ్బంది క్షుణ్ణంగా చూశారు. భవనం జిల్లాలోకెల్లా మెరుగైన స్థితిలో ఉన్నట్టు ఆనందంతో గుర్తించడమైనది. కావున పైకప్పు నిధులు మరింత అవసరం గల పాఠశాలకు మళ్ళించడమైనది."

ఆ మరింత అవసరం గల పాఠశాల ఏటికి అవతలి ఊరిది. వాళ్ళకి పాపం ఫోటోలు దిద్దడం రాదు. కారుతున్న కప్పుని కారుతున్నట్టే తీసి పంపారు.

గాచెవ్ గారు ఉత్తరం పట్టుకుని టీచర్ల గదిలోకి పరుగెత్తుకొచ్చారు.

"తెమెనుగ గారూ! బకెట్లు వెనక్కి తెండి!"

"ఎక్కణ్ణించి సార్? పాతవి ఉంచొద్దన్నారు కదా."

"అయితే కొత్తగా ఫోటోలు తీయండి!"

ఇద్దరూ కప్పు వైపు చూశారు. ఎండాకాలం వచ్చేసింది. కప్పు ఎముకలా ఎండిపోయి ఉంది. బకెట్లన్నిట్లో మింకత్త పెరట్లో టమాటా నారు పోసుకుంది. చిన్న మేఘం కూడా లేని ఆకాశం, ఆయన ఫోటోల్లో పెట్టుకున్నంత నీలంగా ఉంది.

గాచెవ్ గారు ఆలోచించారు. ఆయన ఆలోచించిన ప్రతిసారీ తెమెనుగకి ఏదో ఒక పని పడేది.

"పోనీ, నీళ్ళు కలిపేద్దాం" అన్నారు. "ఉన్నదాన్ని తుడిచినవాళ్ళం, లేనిదాన్ని అతికించలేమా? ఇదేమైనా అబద్ధమా? కారడం నిజమేగా! నిజాన్నే కాస్త దిద్ది..."

"నేను చెయ్యను సార్."

"ఏమన్నారు?"

"చెయ్యనన్నాను." తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఒకసారి మీరు చెప్పారని ఒక పిల్లని తుడిచేశాను. మీరు చెప్పారు, నిజమే. వేలు మాత్రం నాది. ఆ పిల్ల అప్పట్నించీ నా తరగతిలో చెయ్యెత్తలేదు. ఇంక ఆ సైటు తెరిచేది లేదు."

"మరీ నాటకాలండీ మీవి. ఒక ఫోటోకి!"

ఆయనే కూర్చుని చేశారు. తుడవడం కన్నా అతికించడం కష్టమన్న సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు. పిల్లల తలకాయలంత చుక్కలు కప్పు నించి కారాయి. ఒక బకెట్టు నేలకి జానెడు ఎత్తున నిలబడింది. ఇంకో మూల ఏకంగా జలపాతమే దూకింది. దాని అడుగున ఎక్కడిదో ఒక చేప కూడా మిగిలిపోయింది. పంపేశారు. కార్యాలయం నించి ఈసారి జవాబు తొందరగానే వచ్చింది. కృత్రిమ చిత్రాలతో తప్పుదారి పట్టించవద్దని హెచ్చరిక.

తెమెనుగ తన దారిన గ్రాసియెతకి ఉత్తరం రాసింది. జరిగిందంతా రాసింది, సెవ్గిన్ సంగతి కూడా దాచలేదు. గ్రాసియెత జవాబుతో పాటు ఆ మొదటి ఫోటో పంపింది. వాళ్ళు ఆనాడే దించుకుని, బాణాలు గీసి, పెద్దదిగా అచ్చువేయించి తరగతి గోడకి తగిలించుకున్నారట. ఎర్ర బకెట్టు, రబ్బరు బూట్లు, గ్లాసు, ఆ గర్వం, అన్నీ ఉన్నాయి. తెమెనుగ దాన్ని కార్యాలయానికి పంపింది. వాళ్ళు రాసిన జవాబు ఇది: "చిత్రంపై రాతలు పోర్చుగీసు భాషలో ఉన్నవి. సదరు పాఠశాల మా పరిధిలోనిది కాదు. ఆ దేశపు అధికారులను సంప్రదించగలరు."

ఆవిడ ఆ కాగితం చదివి చదివి, చివరికి పడీ పడీ నవ్వింది. నవ్వాక జిల్లా కార్యాలయానికి ఫోను చేసింది. ఒక గది నించి ఇంకో గదికి, అక్కణ్ణించి భోజనానికి వెళ్ళినవాళ్ళ గదికి తిప్పారు. చివర్లో వెలిస్లావ అనే భవనాల ఇంజనీరు దొరికింది.

"మేడమ్, ఇంక ఫోటోలు పంపను. మీరే వచ్చి చూడండి. వాన పడే రోజు చూసి రండి" అంది తెమెనుగ.

"ఫోటోలు పంపనన్న మొదటి బడి మీదే" అంది అవతలి గొంతు. "నవంబరులో వస్తాను."

సెప్టెంబరులో బడి తెరిచిన మొదటివారంలోనే తెమెనుగ ఆ ఫోటోని తిరిగి ఆల్బమ్‌లో పెట్టింది. కింద రాసింది: "మధ్యలో ఈ ఫోటో మార్చాం. మార్చినట్టు చెప్పలేదు. సెవ్గిన్‌ని తీసేసింది నేనే. తెమెనుగ." తరువాత పిల్లని తెర దగ్గరికి పిలిచింది.

"సాంకేతిక సమస్య కాదే అది. నేనే చేశాను. తప్పు చేశాను."

సెవ్గిన్ ఆ రాసింది చదివింది. బొమ్మలో తనని వెతుక్కుంది. బూట్ల వైపు, బకెట్టు వైపు చూసింది.

"మొక్క పోయిందా?" అంది.

"పోయింది."

"మంచిది. అది బాలేదు." కుండీ ఉండిన చోట వేలు పెట్టి, "ఆ కుండీకి నీడ లేదు టీచర్. నాకప్పుడే తెలిసింది" అంది. తరువాత వెళ్ళి కూర్చుంది. క్షమించిందో లేదో తెమెనుగకి అర్థం కాలేదు. వారం తర్వాత మాత్రం ఏదో ప్రశ్నకి చెయ్యి లేచింది, అది కూడా తప్పు జవాబు చెప్పడానికి. తెమెనుగ సంతోషం పట్టలేక సరైనదేనని చెప్పబోయి ఆగింది.

నవంబరు వచ్చింది. రెండు రోజులుగా విడవకుండా వాన. ఇంజనీరు వచ్చేది ఆరోజే. ఇలాంటి అదృష్టం ఏ బడికి పడుతుంది? వరండా నిండా టపటపమని బకెట్లు మోగుతున్నాయి. కప్పు తన వంతు తను చక్కగా చేస్తోంది. చూపించి ఊరుకుంటే సరిపోయేది.

గాచెవ్ గారి వల్ల కాలేదు. అధికారి వస్తుందంటే ఆయన ఒంట్లో ఏదో తిరుగుతుంది.

"మింకా! బకెట్లు దాచెయ్!"

"సార్, ఆవిడ వచ్చేదే బకెట్లు చూడ్డానికి."

"ముందు మర్యాద, తర్వాత బకెట్లు! ఫిర్యాదులు నెమ్మదిగా గదిలో కూర్చుని చెప్పుకుంటాం. గుమ్మంలోనే పరువు తీసుకుంటామా?"

బకెట్లు దాస్తే నీళ్ళు నెత్తిన పడతాయి కదా. దానికీ ఆయన దగ్గర ఉపాయం ఉంది. వసంతంలో తను దిద్దించిన తెల్లటి కప్పు ఫోటోని గోడ నించి గోడకి సరిపోయే ప్లాస్టిక్ గుడ్డ మీద అచ్చువేయించి పెట్టుకున్నారు. వేదిక మీద వెనక కడదామనట. ఆరోజు పొద్దున్నే నిచ్చెన వేయించి, అసలు కప్పు కింద దాన్ని మేకులతో బిగించేశారు. పచ్చి మరకలన్నీ కనబడకుండా పోయాయి. కింద నించి చూస్తే నిజంగానే బావుంది. చుక్క పడటం లేదు. చుక్కలు ఎక్కడికి పోతున్నాయని ఆయన అడగలేదు. నిచ్చెన పట్టుకున్న మింకత్తకి తెలుసు. ఆవిడా చెప్పలేదు. అడక్కుండా సలహా ఇవ్వడం ఆవిడ ఆరోజు ఒక్కపూటకి మానేసింది.

వెలిస్లావ గొడుగు దులుపుకుంటూ మెట్లెక్కి వచ్చింది. పొట్టి మనిషి, మోకాళ్ళ దాకా బురద. గాచెవ్ గారు గుడ్డ కింద సరిగ్గా నడిమధ్య నిలబడి, అతిథి మర్యాదగా పళ్ళెంలో రొట్టె, ఉప్పు పెట్టుకుని ఎదురొచ్చారు. ఆవిడ ముక్క తుంచి ఉప్పులో అద్దుకుంది, నములుతూ చుట్టూ చూసింది.

"గోడలు కాస్త చెమ్మగా ఉన్నాయి. కప్పు మాత్రం బావుందే" అంది.

"అంతా మీ దయ" అన్నారు గాచెవ్ గారు. ఏళ్ళ తరబడి అర్జీలు పెట్టిన మనిషి, ఆ మాట నోటివెంట ఎలా వచ్చిందో ఆయనకే తెలియదు. "రండి, ముందు కాఫీ తాగుదాం."

ఇంజనీరు సంచిలోంచి కలం తీసింది. తరగతి గుమ్మంలో పిల్లలతో నిలబడ్డ తెమెనుగకి అర్థమైంది, ఆ కలం కాగితం మీద పడితే ఇంకో మూడేళ్ళు బకెట్లే. హెడ్మాస్టరు ఎదుట అడ్డొచ్చి మాట్లాడటం ఆ బడిలో అలవాటు లేదు.

"మేడమ్," అంది, "అది కప్పు కాదు. కప్పు ఫోటో."

వెలిస్లావ నమలడం ఆపింది. తలెత్తి ఈసారి సరిగ్గా చూసింది. తెల్లటి కప్పు నడిమధ్యలో నిండు నెలల కడుపులా కిందికి జారి ఉంది. సన్నగా ఊగుతోంది కూడా.

"ఇదేమిటి?" అంటూ గొడుగు కొసతో పొడిచింది.

"వద్దు..." అన్నారు గాచెవ్ గారు.

పొద్దుట్నించీ కారిన వానంతా ఒక్కసారిగా దిగింది. రొట్టె పోయింది, ఉప్పు పోయింది, పళ్ళెం మోగుకుంటూ మెట్ల మీంచి కిందికి పోయింది. ఇంజనీరుకి ఒక భుజమే తడిసింది. గాచెవ్ గారు మాత్రం నిలువునా నానిపోయి, నెత్తిన సగం ప్లాస్టిక్ గుడ్డ వేలాడుతుంటే, చేతులు ఇంకా పళ్ళెం పట్టుకున్నట్టే చాచి నిలబడ్డారు. పైన గుడ్డ చిరిగిన చోట అసలు కప్పు, దాని పెచ్చులు, పెంకులు, ఒక చిన్న ఆకాశం ముక్క కనిపించాయి.

"ఏమండీ," అంది వెలిస్లావ, మింకత్త వైపు తిరిగి, "బకెట్టు ఉంటే తెస్తారా?"

"ఏ రంగుది కావాలమ్మా?" అంది మింకత్త.

ఆ మధ్యాహ్నం ఇంజనీరు నిచ్చెనెక్కి అటకంతా తిరిగింది. తెమెనుగ టార్చి పట్టుకుంది. గాచెవ్ గారు వ్యాయామ మాస్టరు చొక్కా వేసుకుని తన గదిలోంచి బయటికి రాలేదు. వసంతంలోగా నిధులు వచ్చాయి. పూర్తిగా రాలేదు లెండి. జిల్లా కార్యాలయం వాళ్ళు చాలా లోతుగా ఆలోచించి, ఇంజనీరు తడిసిన చోటికి పైన ఉన్న సగం కప్పు మాత్రం మంజూరు చేశారు. మిగతా సగం పరిశీలనలో ఉంది. ఎర్ర బకెట్టుకి పని తప్పింది, తెల్లవి రెండూ ఇంకా ఉద్యోగంలోనే ఉన్నాయి. హెడ్మాస్టరు గారి గుమ్మంలో గులాబీల బేసిను కూడా కదలలేదని చెప్పక్కర్లేదు.

ఇంతకీ ఆ వరద దిగిన క్షణాన సెవ్గిన్ చేతిలో తరగతి కెమెరా ఉంది. ఆ పిల్ల ఫోటో తీసింది. చాలా బాగా వచ్చింది. నీళ్ళు గాల్లో ఆగి ఉన్నాయి, రొట్టె గాల్లో ఉంది, గాచెవ్ గారి నోరు తెరుచుకుని ఉంది. ఆల్బమ్‌లో పెట్టేముందు తెమెనుగ ఆయన గదికి వెళ్ళి చూపించి, పెట్టవచ్చా అని అడిగింది. అడక్కుండా ఒకరి ఫోటో పెట్టకూడదు కదా. ఆయన చాలాసేపు చూశారు. మొహం ఎర్రబడింది. తర్వాత ఎందుకో భుజాలు దిగాయి.

"దీంతో కప్పు వస్తుందంటావా?"

"రావచ్చు సార్."

"అయితే పెట్టు." ఆవిడ గుమ్మం దాటుతుంటే వెనక నించి, "పొట్ట ఒక్కటీ కాస్త లోపలికి..." అన్నారు.

తెమెనుగ తిరిగి చూసింది.

"సర్లెండి, సర్లెండి" అన్నారాయన.

మర్నాటికి పోర్చుగల్ నించి నవ్వులు, చప్పట్లు. ఫిన్లాండ్ పిల్లలు మాత్రం నెమ్మదస్తులు, వసంతంలో ఈ ఆల్బమ్‌లో గులాబీలూ నీలాకాశాలూ చూసినవాళ్ళు. నీళ్ళు చాలా సహజంగా వచ్చాయనీ, ముఖ్యంగా ఆ మనిషి మొహం అద్భుతంగా కుదిరిందనీ మెచ్చుకుని, ఇంత బాగా దిద్దడానికి ఏ సైటు వాడారో చెప్పమని అడిగారు.

తరగతిలో చేతులన్నీ లేచాయి. సెవ్గిన్ అప్పటికే కీబోర్డు ముందు కూర్చుని ఉంది.

"టీచర్, ఇంగ్లీషులో వానకి స్పెల్లింగు ఏంటి?" అంది.